చైనా టీ: మరిగించకుండా, చేదెక్కకుండా ఇంట్లో చేసుకోవడం ఎలా?

“మా వాడు చైనా నుంచి గ్రీన్ టీ తెచ్చాడు. పాలు పోయకుండా తాగాలన్నాడు. ఒక్క గుక్కకే నోరంతా చేదు, వగరు. పారబోయాల్సిందేనా?” ఈ ప్రశ్న నాకు రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. పారబోయకండి. చాలావరకు తప్పు ఆకుది కాదు, మన చేతి అలవాటుది.

మన ఇళ్లలో టీ అంటే గిన్నెలో నీళ్లు, పొడి, పాలు, చక్కెర వేసి రంగు దిగేదాకా మరిగించడం. సన్న గుళికల్లా ఉండే సీటీసీ పొడికి అది సరైన పద్ధతే. చైనా ఆకుకు మాత్రం లెక్క మొత్తం తిరగబడుతుంది. ఆకు ఎక్కువ, నీళ్లు తక్కువ, నానే సమయం సెకన్లలో. అదే ఆకు మీద ఆరేడు సార్లు వేన్నీళ్లు పోసి, ప్రతిసారీ వేరుగా తాగుతారు. దీన్ని గొంగ్‌ఫు పద్ధతి అంటారు. సినిమాల్లో విన్న కుంగ్‌ఫూ కూడా ఈ మాటే. చేసి చేసి తెచ్చుకున్న నేర్పు అని అర్థం.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. టీపాట్ చివర్లో కొనండి. చాలామంది అందమైన మట్టి టీపాట్‌తో మొదలుపెడతారు, అక్కడే డబ్బులు పోతాయి. అందుకే దాన్ని 9వ మెట్టులో పెట్టాను.

1. ఆకు: ఏది కొనాలి, ఎంత కొనాలి

చైనా టీలు ఆరు కుటుంబాలు. మొక్క ఒక్కటే, కోసిన తర్వాత ఆకును ఏం చేశారన్నదే తేడా.

- గ్రీన్ టీ: కోసిన ఆకును వెంటనే వేడి చేసి, పచ్చదనం పోకుండా ఆపుతారు. హాంగ్‌జౌ దగ్గరి లొంగ్‌జింగ్ పెనం మీద వేగి చదునుగా ఉంటుంది. సుజౌ దగ్గరి బిలువోచున్ సన్నగా చుట్టలు తిరిగి ఉంటుంది.
- వైట్ టీ: వాడ్చి ఆరబెట్టడమే, పెద్దగా ఇంకేమీ చేయరు. ఫూజియన్ రాష్ట్రంలోని ఫూడింగ్ దీనికి పేరు.
- యెల్లో టీ: గ్రీన్ టీకి దగ్గరగా ఉంటుంది, దొరకడం కష్టం. మొదట్లో వదిలేయండి.
- ఊలాంగ్: గ్రీన్‌కూ బ్లాక్‌కూ మధ్యది. అన్‌షీ ప్రాంతపు తియెగ్వాన్‌యిన్, వుయి కొండల దా హొంగ్ పావ్, చావ్‌జౌ వారి దాన్‌సొంగ్.
- ఎర్ర టీ: మనం బ్లాక్ టీ అనేదాన్ని వాళ్లు ఎర్ర టీ అంటారు. యున్నాన్ నుంచి దియన్‌హొంగ్, అన్‌హుయ్ నుంచి కీమున్.
- డార్క్ టీ: సూక్ష్మజీవులతో పులిసి మారే ఆకు. యున్నాన్‌లో తయారయ్యే పూ-అర్ ఇందులో ప్రసిద్ధం. దీంట్లో షెంగ్ అంటే పచ్చిది, ఏళ్ల తరబడి నెమ్మదిగా మారుతుంది. షొవు అంటే తడిపి, కుప్పపోసి త్వరగా పులియబెట్టింది.

మొదటి కొనుగోలుకు నా సలహా దియన్‌హొంగ్, దా హొంగ్ పావ్ లాంటి బాగా కాల్చిన ఒక ఊలాంగ్. రెండూ తప్పులు ఓర్చుకుంటాయి. గ్రీన్ టీ ఓర్చుకోదు. విచిత్రం ఏమిటంటే అందరూ దాంతోనే మొదలుపెడతారు.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- ఒక్కో రకం 25 నుంచి 50 గ్రాములు చాలు. పూ-అర్ ఆకును అదిమి చేసే బిళ్ల మామూలుగా 357 గ్రాములు ఉంటుంది. నచ్చకపోతే అది అటకెక్కుతుంది.
- ఆకు చాలావరకు నలగకుండా ఉందా, అడుగున పొడి ఎక్కువగా ఉందా?
- గ్రీన్ టీ అయితే కోసిన సంవత్సరం రాసి ఉండాలి. ఏడాది దాటితే వాసన చచ్చిపోతుంది.
- దా హొంగ్ పావ్‌ను “అసలు తల్లి చెట్ల ఆకు” అని అమ్మితే నవ్వి ఊరుకోండి. ఆ చెట్ల ఆకు కోయడం 2006లోనే ఆపేశారు. మార్కెట్లో ఉన్నది వాటి అంట్ల నుంచి వచ్చింది, లేదా వేర్వేరు ఆకులు కలిపింది. అందులో మంచివి ఉండవని కాదు, ఆ ధర పెట్టనక్కర్లేదు.

చైనా ఆకు చేతికి వచ్చేలోపు ప్రాక్టీస్‌కు డార్జిలింగ్ మొదటి కోత ఆకు వాడుకోవచ్చు. అక్కడి పాత తోటల్లో ఉన్నది చాలావరకు చైనా జాతి మొక్కే.

2. సామాను

- మూత ఉన్న తెల్ల పింగాణీ గిన్నె, అంటే గైవాన్. 100 నుంచి 120 మిల్లీలీటర్లది. మూత, గిన్నె, కింద సాసర్. ఈ మూడింటినీ ఆకాశం, మనిషి, భూమి అని చెప్పుకుంటారు.
- దిగిన టీని మొత్తం ఒంపుకోవడానికి చిన్న గాజు జగ్గు. కెటిల్ నీళ్లన్నీ పట్టేంత పెద్దది వద్దు.
- 30 నుంచి 50 మిల్లీలీటర్ల కప్పులు రెండు మూడు.
- 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా. ఇది లేకపోతే ఈరోజు బాగా వచ్చింది రేపు రాదు, ఎందుకో తెలియదు.
- కరెంటు కెటిల్, టీ జాలి, ఒలికిన నీళ్లు పట్టే పళ్లెం.

పళ్లెం కోసం వెదురు ట్రే కొనక్కర్లేదు, అంచున్న స్టీలు పళ్లెం చాలు. గైవాన్ కూడా లేదంటే రెండు పింగాణీ కప్పులు, ఒక జాలి తీసుకోండి. ఒకదాంట్లో నానబెట్టి, రెండోదాంట్లోకి వడకట్టుకోండి. రుచిలో తేడా తక్కువే.

గైవాన్ తెల్లగా, లోపల మెరుపు పూతతో ఉండాలని ఎందుకంటున్నానంటే, అది వాసన పట్టదు. ఉదయం పూ-అర్, సాయంత్రం గ్రీన్ టీ అదే గిన్నెలో చేసుకోవచ్చు. రంగు కూడా కళ్లకు కనబడుతుంది.

3. నీళ్లు

బోరు నీళ్లతో చేస్తే టీ మసకగా, నల్లగా వస్తుంది, పైన తెట్టు కడుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువ కావడం వల్ల వచ్చే తంటా ఇది. పోనీ అని ఆర్‌ఓ నీళ్లు పోస్తే, లవణాలు మరీ తగ్గిపోయి టీ చప్పగా ఉంటుంది. మధ్యే మార్గం: టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 50 నుంచి 150 మధ్య ఉండాలి. ఆర్‌ఓ మెషీన్‌లో టీడీఎస్ తిప్పే మర ఉంటే కాస్త పెంచండి. లేదంటే ఆర్‌ఓ నీళ్లలో కొంచెం మంచి కుళాయి నీళ్లు కాచి కలపండి. ఒకే ఆకును మూడు రకాల నీళ్లతో పక్కపక్కనే చేసి చూడండి, ఈ పేరా మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

వేడి సంగతి. థర్మామీటర్ లేకపోతే బుడగలు చూడండి. అడుగున సన్నగా మొదలై, చేప కళ్లంత బుడగలు పైకి లేస్తుంటే సుమారు 80 నుంచి 85 డిగ్రీలు, గ్రీన్ టీకి సరి. కళపెళ కాగుతుంటే ఊలాంగ్‌కు, పూ-అర్‌కు. కాగిన నీళ్లను ఒకసారి చల్లని జగ్గులోకి ఒంపితే పది డిగ్రీల దాకా పడిపోతాయి, ఇది కూడా మంచి ఉపాయం. హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

4. చేయి కాలకుండా గైవాన్ పట్టడం

దీన్ని చన్నీళ్లతో పదిసార్లు చేయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, అందరూ ఇలాగే నేర్చుకున్నారు.

1) నీళ్లు అంచు విచ్చుకునే చోటు కంటే కిందే ఆపండి. పైదాకా నింపితే వేళ్లు కాలడం ఖాయం.

2) మూతను కొద్దిగా పక్కకు జరిపి సన్నని సందు చేయండి. నీళ్లు రావాలి, ఆకు రాకూడదు.

3) బొటనవేలు, మధ్యవేలు గిన్నె అంచుకు ఎదురెదురుగా. చూపుడువేలు మూత మీది బొడిపె మీద. అరచేయి గిన్నెకు తగలకూడదు.

4) జగ్గు మీదకు తెచ్చి, ఒక్క ఊపున నిలువుగా వంచండి. భయపడుతూ కొంచెం కొంచెం వంచితేనే ఆవిరి వేళ్లకు తగులుతుంది.

5. అసలు క్రమం: దా హొంగ్ పావ్‌తో ఒక పూట

110 మిల్లీలీటర్ల గైవాన్‌కు 6 గ్రాముల ఆకు. మొదటిసారి కాటా మీద చూసి “ఇంత పోయాలా?” అనిపిస్తుంది. పోయండి.

1) వేడి చేయడం. మరుగుతున్న నీళ్లు గైవాన్‌లో పోసి, అక్కణ్నుంచి జగ్గులోకి, కప్పుల్లోకి తిప్పి పారబోయండి. చల్లని పింగాణీ వేడిని లాగేస్తుంది.

2) పొడి ఆకు వాసన. వేడి గిన్నెలో ఆకు వేసి మూత పెట్టి, రెండుసార్లు మెల్లగా కుదిపి, మూత తీసి వాసన చూడండి. నిప్పుల మీద కాల్చిన వాసన, దాని వెనక బెల్లం పాకం లాంటిది తగలాలి. పాత అట్టపెట్టె వాసన వస్తే ఆకు మెత్తబడిందన్నమాట.

3) కడుగు నీళ్లు. మరిగే నీళ్లు పోసి, 5 సెకన్లలో ఒంపేయండి. ఇది తాగరు. బిగుసుకున్న ఆకు విచ్చుకోవడానికి, దుమ్ము పోవడానికి. ఈ నీళ్లతో కప్పులు కడుక్కోవచ్చు.

4) మొదటి నీళ్లు. మరిగే నీళ్లను అంచు వెంబడి గుండ్రంగా పోయండి, తిన్నగా ఆకు నెత్తిన కాదు. మూత పెట్టి 10 సెకన్లు. పోసే సమయం, ఒంపే సమయం కూడా ఇందులో కలుస్తాయని మరవద్దు.

5) ఒంపడం. చివరి చుక్క దాకా జగ్గులోకి. అడుగున మిగిలిన నీళ్లలో ఆకు నానుతూనే ఉంటుంది, తర్వాతి కప్పు చేదెక్కేది దానివల్లే.

6) మూత కొద్దిగా తెరిచి ఉంచండి. మూసేస్తే ఆకు ఉడికిన వాసన వేస్తుంది.

7) తర్వాతి నీళ్లు. రెండోది 10 సెకన్లు, మూడోది 15, నాలుగోది 20, అయిదోది 30, ఆరోది 45, ఏడోది నిమిషం. ఇవి శాసనాలు కావు. మీ నాలుకకు గట్టిగా అనిపిస్తే తగ్గించండి, పలచబడితే పెంచండి.

ఎక్కడ ఆపాలి? రుచి పోయి రంగు నీళ్లు మిగిలినప్పుడు. ఆ ఆకును ఓ పింగాణీ పళ్లెంలో పరిచి చూడండి. అంచులు ఎర్రగా, మధ్యలో పచ్చ ఛాయతో ఉంటే అది ఊలాంగ్ గుర్తు. తర్వాత మొక్కల కుండీలో వేయండి.

6. ఆకును బట్టి మార్పులు

- లొంగ్‌జింగ్: గైవాన్ కూడా అక్కర్లేదు. పొడవాటి గాజు గ్లాసు, 3 గ్రాములు, 200 మిల్లీలీటర్లు, 80 డిగ్రీలు. కొంచెం నీళ్లతో ఆకు తడిపి, తర్వాత నింపండి. మూత వద్దు. మూడో వంతు మిగిలినప్పుడే మళ్లీ నీళ్లు పోయాలి.
- బిలువోచున్: ముందు నీళ్లు, తర్వాత పైన ఆకు. అంత లేత ఆకు మీద వేన్నీళ్లు పోస్తే ఉడికిపోతుంది.
- వైట్ టీ: 5 గ్రాములు, 90 డిగ్రీలు, మొదటిది 20 సెకన్లు. ఏళ్లు నిలవ చేసిన వైట్ టీని చైనాలో మరిగించి కూడా తాగుతారు. మన చేతి అలవాటు పనికొచ్చే చోటు ఇదొకటి.
- దాన్‌సొంగ్: మరిగే నీళ్లు, మొదటి మూడూ 5 సెకన్లలోపే. క్షణం ఆలస్యమైతే వగరెక్కుతుంది.
- దియన్‌హొంగ్: 4 నుంచి 5 గ్రాములు, 90 నుంచి 95 డిగ్రీలు, 10 సెకన్లు. కడుగు నీళ్లు అవసరం లేదు.
- షొవు పూ-అర్: 7 గ్రాములు, మరిగే నీళ్లు, రెండుసార్లు కడుగు, ఆపై 10 సెకన్లు. డికాషన్ అంత నల్లగా వచ్చినా చేదుండదు.
- షెంగ్ పూ-అర్: 6 గ్రాములు, ఒకసారి కడుగు, 5 సెకన్లతో మొదలు. లేత షెంగ్‌కు 90 డిగ్రీలు చాలు.

పూ-అర్ బిళ్లను సుత్తితో కొట్టకండి. సన్నని సూదిలాంటి పరికరాన్ని పక్క నుంచి గుచ్చి, పొరలుగా లేపాలి. మొన ఎప్పుడూ మీ రెండో చేతికి దూరంగా.

7. ఏం గమనిస్తూ తాగాలి

కప్పుడు టీని మూడు గుక్కల్లో తాగండి. కాస్త చప్పుడు చేస్తూ, గాలితో కలిపి పీల్చండి. మన ఇంట్లో పెద్దలు తిడతారేమో గానీ వాసన ముక్కు వెనక్కి చేరేది అలాగే. మింగాక ఆగండి. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే గొంతులో తీపి తేలుతుంది చూడండి, మంచి ఊలాంగ్‌లో, షెంగ్‌లో అదే జరుగుతుంది. చైనీయులు దాన్ని హుయ్‌గాన్, అంటే తిరిగొచ్చే తీపి అంటారు. చేదు వచ్చి పోతే దోషం కాదు. వచ్చి కూర్చుంటేనే దోషం.

పరగడుపున గ్రీన్ టీ, లేత షెంగ్ వద్దు. కడుపులో తిప్పుతుంది, తల తేలిపోయినట్టవుతుంది. దానికి వాళ్ల దగ్గర టీ మత్తు అనే మాట కూడా ఉంది. వస్తే ఒక బెల్లం ముక్కో, బిస్కెట్టో తినండి. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో పాటు ఏ టీ తాగకూడదు, ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

8. ఎక్కడ తప్పిందో తెలుసుకోవడం

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఆకు, వేడి, సమయం మూడూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

- చేదు, వగరు: ముందు సమయం తగ్గించండి. తగ్గకపోతే వేడి. ఆకు తగ్గించడం ఆఖరి మాట.
- నీళ్లనీళ్లగా ఉంది: ఆకు తక్కువైంది. ఎక్కువసేపు నానబెట్టి సరిచేయబోతే వగరు వస్తుంది గానీ రుచి రాదు.
- ఘాటుగా ఉంది గానీ వాసన లేదు: ఊలాంగ్‌కు నీళ్లు చల్లారిపోయాయి. ప్రతిసారీ కెటిల్ మళ్లీ కాచండి.
- షొవులో చేప వాసన: కొత్త బిళ్లల్లో పులిసిన వాసన ఉంటుంది. విడగొట్టి, మట్టి పాత్రలో రెండు మూడు వారాలు గాలాడనివ్వండి.
- బూజు వాసన, తెల్లని లేదా పచ్చని నూగు: తాగొద్దు. కడుగు నీళ్లతో పోదు.

9. ఈషింగ్ టీపాట్: కొనడం, సిద్ధం చేయడం

నెల రోజులు గైవాన్‌తో చేశాక, ఏ రకం మీకు నిజంగా ఇష్టమో తేలుతుంది. అప్పుడు ఆ ఒక్క రకం కోసం టీపాట్ కొనండి. జియాంగ్సు రాష్ట్రంలోని ఈషింగ్‌లో దొరికే జీషా మట్టితో చేసి, పూత లేకుండా కాల్చిన చిన్న కుండ ఇది. సన్నని రంధ్రాలుండి వాసన పడుతుంది. అందుకే ఒక కుండకు ఒకే జాతి టీ. కాల్చిన ఊలాంగ్‌కు, పూ-అర్‌కు బాగుంటుంది. వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి లేత గ్రీన్ టీకి సరిపడదు.

కొనేటప్పుడు:

- పరిమాణం 100 నుంచి 150 మిల్లీలీటర్లు.
- మూత గలగలా ఊగకూడదు. నీళ్లు పోసి, మూత మీది చిన్న రంధ్రాన్ని వేలితో మూసి వంచండి. ధార ఆగిపోతే మూత బాగా కుదిరినట్టు.
- ధార తిన్నగా పడాలి. ఆపగానే ముక్కు కింద నుంచి కారకూడదు.
- లోపల వేన్నీళ్లు పోసి వాసన చూడండి. మట్టి వాసన తప్ప మైనం, బూట్ పాలిష్, రసాయనం వాసన రాకూడదు.
- కళ్లు చెదిరే పచ్చ, నీలం రంగులను అనుమానించండి. నేను చౌకగా వచ్చిందని కొన్న మొదటి కుండ మొదటి వేన్నీళ్లకే ఎర్రటి రంగు వదిలింది. ఇప్పుడది పెన్నుల స్టాండు.

సిద్ధం చేయడం:

1) మెత్తని బ్రష్‌తో లోపలి మట్టి పొడి కడగండి. సబ్బు ఎప్పుడూ వద్దు, ఆ వాసన వదలదు.

2) నూనె తగలని గిన్నెలో అడుగున గుడ్డ వేసి, కుండ, మూత విడివిడిగా పెట్టి, మునిగేలా చన్నీళ్లు పోయండి. సన్నని మంట మీద అరగంట.

3) అందులోనే చల్లారనివ్వండి. వేడి కుండను చన్నీళ్లలో ముంచితే పగులుతుంది.

4) మీరు ఏ టీకి వాడబోతున్నారో ఆ ఆకు వేసి మరో అరగంట ఇలాగే కాచండి.

5) మూత తీసి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

వాడాక ఆకు లోపల వదిలేయకండి. ఒక్క రాత్రికి పులుపెక్కుతుంది. వేన్నీళ్లతో కడిగి, మూత తీసి ఆరబెడితే చాలు.

10. పక్కవాళ్లకు పోసేటప్పుడు

ఎంబీబీఎస్‌కు చైనా వెళ్లిన మన పిల్లలకు, గ్వాంగ్‌జౌలో సరుకు కొనే వ్యాపారులకు ఇది పనికొస్తుంది.

- కప్పును పదింట ఏడు వంతులే నింపాలి. నిండా పోస్తే పట్టుకుంటే కాలుతుంది, వెళ్లిపొమ్మన్నట్టు కూడా. మన దగ్గర అంచు దాకా పోయడమే మర్యాద కదా, అక్కడ మాత్రం చెయ్యి ఆపుకోవాలి.
- పెద్దవాళ్లకు ముందు. టీపాట్ ముక్కు ఎవరి వైపూ చూపకూడదు.
- మీకు పోస్తుంటే రెండు వేళ్లతో బల్లను మెల్లగా తట్టండి. గ్వాంగ్‌డొంగ్‌లో అదే థాంక్స్.
- అక్కడి హోటల్లో టీపాట్ మూత పక్కకు జరిపి పెడితే మళ్లీ నీళ్లు పోయమని అర్థం. అరవక్కర్లేదు.
- చావ్‌జౌలో జగ్గు వాడకుండా తిన్నగా కప్పుల్లోకే పోస్తారు. కప్పుల మీద గుండ్రంగా తిరుగుతూ కొంచెం కొంచెం పోసి, చివరి చుక్కల్ని ఒక్కోదాంట్లో ఒక్కోటి పంచుతారు. అన్ని కప్పులూ ఒకే గట్టిదనంతో రావడానికే. మొదటిదానికి ‘గ్వాన్ యూ నగర పహారా’ అనీ, రెండోదానికి ‘హాన్ షిన్ సైన్యం లెక్క’ అనీ తమ పాత సేనాపతుల పేర్లు పెట్టుకున్నారు.

11. నిలవ

గ్రీన్ టీ, పచ్చగా ఉండే తియెగ్వాన్‌యిన్: గాలి చొరని ప్యాకెట్లో, ఫ్రిజ్‌లో. తీయగానే విప్పకండి, గది వేడికి వచ్చాక విప్పండి, లేకపోతే చెమ్మ పడుతుంది. కాల్చిన ఊలాంగ్, ఎర్ర టీ: బిగువు మూత డబ్బాలో, చీకట్లో.

పూ-అర్‌కు ఇది తిరగబడుతుంది. ఫ్రిజ్ వద్దు, సిలికా పొట్లం వద్దు. దానికి కాస్త గాలి, 60 నుంచి 70 శాతం తేమ కావాలి. కోస్తా జిల్లాల్లో వానాకాలం తేమ దీన్ని దాటిపోతుంది కాబట్టి ఆ నెలల్లో మూత బిగించి, వారానికోసారి తీసి చూడండి. వంటింట్లో, పూజగదిలో మాత్రం పెట్టకండి. ఇంగువ పోపు, అగరుబత్తి వాసన ఒక్కసారి పట్టిందంటే ఆ బిళ్లను ఎన్నిసార్లు కడిగినా వదలదు.